యాత్రబండికి స్టెప్నీ ఎక్కడ?

సాంచాలు నాలుగు రోజులు ఆగితే చాలు, మన కుంభారి కుటుంబాలకు మొట్టమొదట తోచేది యాత్ర. తుల్జాపురం భవాని, అక్కల్‌కోట స్వామి దగ్గర గనుక పొద్దున వెళ్ళి మాపటికి తిరిగి రావచ్చును. శ్రీశైలం, తిరుపతి అంటే మాత్రం ముసలివాళ్ళు, చంటిపిల్లలు, బియ్యం, స్టవ్వు, పరుపులు - ఒక చిన్న కాపురమే కదలవలె. అందుకని పెద్ద లారీ ఛాసిస్ మీద పడకలు, వంటగట్టు, నీళ్ళ తొట్టి అమర్చి ఇల్లు వంటి బండి కట్టించుకోవాలనే ముచ్చట ఈ నడుమ మన ఇండ్లలో వినబడుతున్నది. విదేశాలలో ఇది పాత అలవాటే. మన దేశంలో కేరళ ప్రభుత్వం 2021లో ఇటువంటి బండ్లతో ఒక యాత్రా పథకం మొదలుపెట్టినది.

ముచ్చటలో తప్పు లేదు. సరుకుల లారీకి పరదా కట్టి మనుషులను కూర్చోబెట్టే పద్ధతి కంటె ఇది ఎంతో నయం. ఆ పద్ధతిని చట్టం ఒప్పదు, మేమూ ఒప్పము. అయితే ఈ సంగతి మాట్లాడేవారందరూ పడకలెన్ని, ఫ్యాన్లెన్ని అని లెక్క వేస్తున్నారు గాని, స్టెప్నీ ఎక్కడ కట్టవలె అని అడిగినవారు మాకు ఒక్కరూ కనబడలేదు. బాడీ కట్టే షెడ్డులో కూడ అన్నీ అమరిన తరువాత ఏ మూల మిగిలితే ఆ మూలకు దానిని తగిలిస్తారు. ఇది తలక్రిందుల వ్యవహారమని మా అభిప్రాయం. స్టెప్నీకి చోటు నిర్ణయించిన పిమ్మటనే పడకలకు గీత గీయవలె.

స్టెప్నీ అనే మాట మనకెక్కడిది? తొలి రోజుల మోటారు కార్లకు అదనపు చక్రం ఉండేది కాదు. టైరు పగిలితే దారిలో కూర్చుండి విప్పి అతుకు వేసుకోవలసినదే. 1904 ప్రాంతంలో వేల్సు దేశంలోని లనెల్లి అనే ఊళ్ళో డేవీస్ అనే ఆయన, గాలి నింపిన టైరుతో కూడిన ఆకులు లేని ఒక చక్రం తయారుచేసి, గాలి పోయిన చక్రానికి దానిని ప్రక్కన బిగించి నడిపే ఉపాయం కనిపెట్టినాడు. ఆ కంపెనీ ఉన్న వీధి పేరు స్టెప్నీ. వీధి పేరే సరుకు పేరై దేశదేశాలకు ప్రాకినది. ఇంగ్లీషువాళ్ళు తరువాత ఆ మాటను మరచిపోయినారు గాని, మన దేశంలో మాత్రం లారీ క్లీనరు నుండి కారు యజమాని దాకా నేటికీ అదే మాట. ఒక చిన్న వీధి ఇంత దూరం వచ్చి షోలాపురం పంచరు దుకాణాలలో కాపురం పెట్టుట వింతే!

ఆనాటి స్టెప్నీని ఒక్క మనిషి చంకన పెట్టుకొని పోగలిగేవాడు. ఈనాటి పెద్ద లారీ స్టెప్నీ అట్లా కాదు. ఇరువది అంగుళాల రిమ్ము, దానిమీద టైరు, లోపల ట్యూబు, ఫ్లాపు - అన్నీ కలిపి దాదాపు 100 కిలోలు తూగుతుంది. ఒక బియ్యం బస్తా వంటిదే కదా అనుకోరాదు. బస్తా వేసిన చోట పడి ఉంటుంది. చక్రం పడి ఉండదు, దొర్లుతుంది, వాలుతుంది. వాలేటప్పుడు ఆపుదామని చేయి అడ్డం పెట్టినవాని మణికట్టు, నడుము రెండూ పోతాయి.

మన కుంభారిలో చేయి వేసేవారికి కొదువ లేదు. 2006లో బీడీ కార్మిక స్త్రీలకు 10,000 ఇండ్లతో గోదుతాయి పరుళేకర్ వసాహతు వెలసినది. 2024 జనవరిలో రే నగర్‌లో మరి 15,000 ఇండ్లు కార్మికులకు ఇచ్చినారు. ఇన్ని వేల గడపల మధ్య బండి ఆగితే పిలువకుండానే పదిమంది వస్తారు. కాని పంచరు మన గడపలో కాదు గదా! శ్రీశైలం దారిలో నల్లమల అడవి ఉన్నది. పులుల రక్షణ కొరకు అక్కడ రాత్రిపూట వాహనాలను విడువరు. చీకటి పడకముందే అడవి దాటవలసిన బండి, స్టెప్నీ దింపలేక రెండు గంటలు ఆగితే ఆ రాత్రి ముసలివాళ్ళ గతి ఏమి? అందుచేత స్టెప్నీ విషయంలో మేము పెట్టే షరతు ఒక్కటే: బండిలో ప్రయాణం చేసేవారే, పరుల సాయం లేకుండ, దానిని దింపి మరల ఎక్కించగలిగి ఉండవలె.

ఈ షరతుతో ఒక్కొక్క చోటు చూద్దాము.

బండి నెత్తిన కట్టుట చాలమంది ఆలోచన. చోటు కలిసి వస్తుంది నిజమే. కాని మూడు మీటర్ల ఎత్తు నుండి 100 కిలోలు దింపేదెవరు? ఇంతేగాక, బరువు పైకి పోయినకొద్దీ ఘాటు రోడ్డు మలుపులలో బండి ఊగుతుంది. చిన్న క్రేను లేకుండ నెత్తి మీద పెట్టుట మాకు సమ్మతం కాదు.

వెనుక తలుపు ప్రక్కన నిలువుగా తగిలించుట రెండవది. సహారా ఎడారి దాటే విదేశీయుల పెద్ద బండ్లలో ఈ ఏర్పాటు కనబడుతుంది. వారు దానికి కీలున్న చట్రం చేసి, చేతితో త్రిప్పే రాట్నం ఒకటి బిగించుకొంటారు. తీగ వదలుతుంటే చట్రంతో సహా చక్రం మెల్లగా నేలకు వస్తుంది. చూడముచ్చటగా ఉంటుంది. అయితే ఇందులో ఒక లెక్క ఉన్నది. ముందు ఇరుసుకు వెనుక ఇరుసుకు నడుమ దూరం 4 మీటర్లనుకొందాము. స్టెప్నీ వెనుక ఇరుసుకు 2 మీటర్ల అవతల వ్రేలాడుతున్నది. అప్పుడు వెనుక ఇరుసు మీద పడే బరువు 100 కిలోలు కాదు, 150 కిలోలు. ఆ పైన 50 కిలోలు ముందు ఇరుసు మీదినుండి లేచిపోయినవి. తూకపు కాడ వెనుక కొనను ఒత్తితే ముందు కొన లేచినట్లే. నీళ్ళ తొట్టి, గ్యాసు, సామాను కూడ వెనుకనే ఉన్నవంటే స్టీరింగు తేలిక పడుతుంది. డ్రైవరు దానిని చూచి బండి సులువుగా తిరుగుతున్నదని సంతోషించరాదు. ముందు చక్రాలకు నేల మీద పట్టు తగ్గినదన్న మాట.

మూడవది మన లారీలకు బాగా అలవాటైన చోటు, అంటే ఛాసిస్ క్రింద. గొలుసుతో పైకి లాగి బిగిస్తారు. బరువు క్రిందికి ఉంటుంది గనుక బండికి మంచిది. పైకి ఎత్తవలసిన పని లేదు, గొలుసు వదిలితే చాలు, దిగుతుంది. ఇవి రెండూ గొప్ప సుగుణాలు. అయితే బురద, నీళ్ళు, దుమ్ము అన్నీ దానిమీదనే. గొలుసు, దానిని త్రిప్పే పళ్ళచక్రం త్రుప్పు పట్టి, తీరా అవసరం వచ్చినప్పుడు కదలవు. అంతకంటె ఘోరం, త్రుప్పు తిన్న గొలుసు నడిరోడ్డున తెగుట. గంటకు అరువది కిలోమీటర్ల వేగంతో పోయే బండి క్రింది నుండి 100 కిలోల చక్రం జారి దొర్లితే, వెనుక మోటారు సైకిలు మీద వచ్చేవాని సంగతి వేరే చెప్పనక్కరలేదు. యాత్ర పుణ్యం మాట దేవుడెరుగు, పరుల ప్రాణానికి మనము పూచీ పడవలసి వస్తుంది. కాబట్టి గొలుసు ఒక్కటే చాలదు. మరొక విడి గొలుసో, ఇనుప పట్టీయో రిమ్ము రంధ్రంలోనుండి తీసి ఛాసిస్‌కు వేరుగా బిగించి ఉంచవలె. నెలకొకసారి గొలుసును పూర్తిగా వదిలి, గ్రీజు రాసి, మరల లాగి పెట్టవలె.

ఇక మాకు అన్నిటికంటె నచ్చినది నాలుగవది. ముందు ఇరుసుకు వెనుక ఇరుసుకు నడుమ, రోడ్డు అంచు వైపున, ఛాసిస్ ప్రక్కనే గూడు వంటిది చేసి చక్రాన్ని అందులో ఉంచుట. బరువు రెండు ఇరుసులకూ పంచబడుతుంది. వర్షంలోనైనా మనిషి బండి క్రింద దూరనక్కరలేదు. రోడ్డు అంచు వైపున ఉండుట చేత, వచ్చే పోయే బండ్ల మధ్య నిలబడే ప్రమాదం లేదు. ఇందుకొరకు బాడీ క్రింద సామాను పెట్టె ఒకటి తగ్గుతుంది. తగ్గితే తగ్గనీయండి.

గూడు నేలకు తక్కువ ఎత్తులోనే ఉండును గాని, ఎక్కించేటప్పుడు కొంత ఎత్తవలసినదే. ఇక్కడ పద్మశాలీ బిడ్డలకు ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. నిండు పడుగు చుట్టిన బీమును సాంచా మీదికి ఎక్కించేటప్పుడు మనవాళ్ళు ఏమి చేస్తారు? దొర్లించగలిగినంత దూరం దొర్లిస్తారు, ఎత్తవలసిన చోట మాత్రమే, ఒక్క మాట మీద, ఇద్దరూ ఒక్కసారి ఎత్తుతారు. నడుము వంచరు, మోకాళ్ళు వంచుతారు. స్టెప్నీకీ అదే విద్య. బండిలో గట్టి వెడల్పు పలక ఒకటి, లావు తాడు ఒకటి ఎప్పుడూ ఉండవలె. 1.2 మీటర్ల ఎత్తుకు 3.6 మీటర్ల పలక ఏటవాలుగా పెడితే, 100 కిలోల చక్రం దొర్లించుటకు 33 కిలోల బలం చాలును. తాడు ఒక కొనను పైన కట్టి, చక్రం క్రిందుగా తెచ్చి చుట్టి, రెండవ కొనను పైనుండి లాగితే ఆ బలం కూడ సగమై 17 కిలోలకు దిగుతుంది. రాపిడికి మరికొంత కలుపుకోండి. బావిలో నీళ్ళు చేదే ఆడపడుచు లాగగల బరువే ఇది. అయితే చక్రం ప్రక్కకు పడకుండ ఇరువైపులా ఒక్కొక్కరు కాపు ఉండవలె, వెనుక మాత్రం ఎవరూ నిలువరాదు. పిల్లలను ముందే దూరంగా పంపవలె. ఎత్తు అరమీటరే అయితే పొట్టి పలక చాలును, లెక్క అదే.

గడ్డపార ఉపయోగం కూడ చెప్పవలె. క్రొత్త చక్రాన్ని బోల్టుల ఎత్తుకు తెచ్చుటకు చేతులతో ఎత్తనవసరం లేదు. టైరు క్రింద గడ్డపార దూర్చి, కాలితో మెల్లగా త్రొక్కితే చక్రం తానే లేచి రంధ్రాలు బోల్టులకు ఎదురుగా వస్తాయి. లారీ క్లీనరు కుర్రవాళ్ళు ఈ పనిని ఒంటరిగా చేస్తుంటే చూచి మేము చాల సంతోషించినాము. బడిలో చదువని విద్య వారిది.

మోసిన స్టెప్నీ పనికి వచ్చేదిగా ఉండుట మరొక సంగతి. వాడని టైరు క్రొత్తగానే ఉంటుందని చాలమంది భ్రమ. రబ్బరు ఎండకు, వయస్సుకు పగుళ్ళు తీస్తుంది. టైరు ప్రక్కన నాలుగంకెలు అచ్చు వేసి ఉంటాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. కొనేటప్పుడు ఈ అంకెలను చదువుట ఆడవారూ పిల్లలూ కూడ నేర్చుకోవచ్చును. మన షోలాపురం ఎండ సంగతి తెలిసినదే గనుక స్టెప్నీకి ముదుక దుప్పటి కుట్టి తొడుగు వేయండి. చద్దర్లు నేసే ఊళ్ళో చక్రానికి ఒక చద్దరు కరువా? గాలి మాత్రం నెలనెలా చూపించవలె. పెద్ద టైరులో నూరు పౌండ్లకు పైగా గాలి ఉంటుంది. రింగు బిగించే పాత తరహా రిమ్ము అయితే గాలి కొట్టేటప్పుడు రింగు ఎదుట ఎవరూ నిలువరాదు. సరిగా కూర్చోని రింగు తుపాకి గుండు వలె ఎగురుతుంది. ఈ పని దుకాణంలోనే, ఇనుప పంజరంలో పెట్టి చేయించవలె.

కొందరు అంటారు, ఇప్పుడు స్టెప్నీ లేకున్నా ఫరవాలేదని ప్రభుత్వమే చెప్పినది కదా అని. 2020లో వచ్చిన ఆ సడలింపు 3.5 టన్నులు మించని చిన్న ప్రయాణపు బండ్లకు. అదైనా ట్యూబు లేని టైర్లు, గాలి తగ్గితే తెలిపే యంత్రం, పంచరు వేసుకొనే సరంజామా ఉంటేనే. మనము చెప్పుకొనే పెద్ద బండికి అది వర్తించదు.

బయలుదేరే వారం ముందు ఖాళీ మైదానంలో బండి నిలిపి, ఒక్కసారి స్టెప్నీని దింపి, చక్రం మార్చి చూడండి. డ్రైవరు ఒక్కడే కాదు, ఇంటివారందరూ దగ్గర ఉండవలె. చక్రాలకు రాళ్ళు అడ్డు పెట్టి, జాకీ క్రింద పలక వేసి, బండిని లేపకముందే నట్లు కొంచెము వదులు చేసికోవలె. కొన్ని పాత బండ్లకు ఎడమప్రక్క చక్రాల నట్లు ఎడమ మరవి. తెలియక టామీ రాడ్డు మీద ఎక్కి త్రొక్కితే అవి ఇంకా బిగుస్తాయి. బిగించేటప్పుడు వరుసగా కాక ఎదురెదురు నట్లు బిగించవలె. క్రొత్తగా ఎక్కించిన చక్రం నట్లు కొంత దూరం నడిచిన తరువాత సడలుతాయి గనుక, యాభై కిలోమీటర్లకొకసారి దిగి చూచుకోవలె. హైదరాబాదు దారిలో అయితే అది సుమారు నల్దుర్గ కోట దగ్గర పడుతుంది. నట్లు బిగించేలోపల పిల్లలకు కోట చూపించవచ్చును.