మాటలేని పాటకు వస్తువు ఉండదా?

ఇటీవల మా పాత విద్యార్థి ఒకడు నాకొక ఇంగ్లండు రికార్డు వినిపించాడు. పాట అనదగ్గ మాటలు అందులో లేవు. వేగంగా పరుగెత్తే డ్రమ్ముల దరువు, దాని కింద గుండెను కదిలించే మంద్రస్వరం - ముఖ్యంగా అంతే. “మాస్టారూ, దీనికి సాహిత్యం లేదు కదా, మరి వస్తువేమిటి?” అని అడిగాడు. వస్తు శిల్పాల గురించి ఇన్నేళ్లు పాఠాలు చెప్పిన నాకు వెంటనే జవాబు దొరకలేదు.

ఆ రికార్డు పేరు ‘డ్రెడ్ బాస్’. అసెండ్, అల్ట్రావైబ్ అనే ఇద్దరు ‘డెడ్ డ్రెడ్’ పేరుతో దీన్ని చేశారు. 1994లో మూవింగ్ షాడో సంస్థ విడుదల చేసింది. తర్వాత ‘జంప్ అప్’ అని పేరు పొందిన డ్రమ్ అండ్ బాస్ శాఖకు దారి వేసిన రికార్డుల్లో ఇదొకటి. నాట్యశాలల్లో దీన్ని ఎరగనివారు లేరు. పెద్దమనుషుల గుర్తింపు మాత్రం వేరేచోటికి పోయింది. 1995లో గోల్డీ ‘టైమ్‌లెస్’ను కళాఖండమన్నారు. 1997లో రోనీ సైజ్ బృందం ‘న్యూ ఫామ్స్’కు మెర్క్యురీ బహుమతి వచ్చింది. అవి యోగ్యమైనవే, కాదనను. కాని ‘టైమ్‌లెస్’ నిర్మాణంలో ప్రధానంగా పనిచేసిన రాబ్ ప్లేఫర్డే మూవింగ్ షాడో స్థాపకుడు కూడా. ఒకే కార్ఖానా నుంచి వచ్చిన రెండు సరుకుల్లో ఒకటి ‘కళ’, మరొకటి ‘గంతులు’ ఎట్లా అయ్యాయి? కూర్చుని వినేదానికి ఒక విలువ, లేచి ఆడేదానికి ఒక విలువ కట్టే అలవాటు దీని వెనుక ఉంది.

శిల్పం చూద్దాం. మద్దెల మీద దెబ్బ పడగానే శబ్దం బలంగా పుట్టి క్రమంగా క్షీణిస్తుంది. అదే శబ్దాన్ని తిరగేసి వినిపిస్తే సన్నగా మొదలై, ఉబ్బుతూ వచ్చి, పతాకస్థాయిలో ఠక్కున తెగిపోతుంది. ‘డ్రెడ్ బాస్’లోని మంద్రస్వరం ఇట్లా తిరగేసిందే. పైన డ్రమ్ములు నిమిషానికి నూట అరవై దరువుల దాపున పరుగెత్తుతుంటే, కింద ఈ స్వరం సగం నడకతో వస్తుంది. తెగినచోట ఏర్పడే ఖాళీని వినేవాడి అడుగు పూరిస్తుంది. అంటే శ్రోత పాల్గొంటే తప్ప ఈ రచన పూర్తికాదు.

ఈ శిల్పం గాలిలోంచి ఊడిపడలేదు. 1948 తర్వాత బ్రిటన్‌కు వలసవచ్చిన కరీబియన్ శ్రామికులు తమ వెంట సౌండ్ సిస్టమ్ సంప్రదాయాన్ని తెచ్చుకున్నారు. వారి పిల్లలు, వారితో కలిసి పెరిగిన తెల్ల కార్మికుల పిల్లలు ఎత్తయిన అపార్టుమెంట్ల కప్పులమీద ట్రాన్స్‌మిటర్లు పెట్టి లైసెన్సులేని రేడియోలు నడిపారు. కొత్త పాటను ముందు లక్కపూత పళ్లెం మీద చెక్కించి సభలో పరీక్షించేవారు. కొన్ని పదులసార్లు తిప్పితే అది అరిగిపోతుంది. జనం మెచ్చితే కేకలు వేస్తారు, రికార్డు వెనక్కి తిప్పి మళ్లీ మొదటినుంచి వేయాల్సిందే. మన పద్యనాటకాల్లో ‘వన్స్‌మోర్’ విన్నవారికి ఇది కొత్తగా తోచదు. విమర్శకుడి పీఠం అక్కడ ప్రజలదే.

అదే 1994లో బ్రిటిష్ పార్లమెంటు చేసిన క్రిమినల్ జస్టిస్ చట్టం, ఆరుబయట రాత్రిపూట జరిగే సంగీత సమావేశాలను చెదరగొట్టే అధికారం పోలీసులకిచ్చింది. వరుసగా పునరావృతమయ్యే దరువులున్న సంగీతాన్ని ప్రత్యేకంగా పేర్కొంది. మాటలు లేని సంగీతంలో విమర్శకుడికి వస్తువు కనిపించకపోయినా, ప్రభుత్వానికి కనిపించిందన్నమాట!

అయితే అభిమానం మన కళ్లకు గంతలు కట్టకూడదు. జంప్ అప్ కొద్ది కాలంలోనే సూత్రబద్ధమై, ఒకే మూసలో పోసిన రికార్డులు పుట్టుకొచ్చాయి. అంతకన్నా పెద్ద లోపం మరొకటుంది. ఈ సంగీతంలో అసంఖ్యాకమైన రికార్డులకు పునాది, 1969లో విన్‌స్టన్స్ బృందం చేసిన ‘అమెన్, బ్రదర్’లోని సుమారు ఆరు సెకన్ల డ్రమ్ముల వాయింపు. వాయించిన గ్రెగరీ కోల్‌మన్ 2006లో పేదరికంలో, ఇల్లులేనివాడుగా మరణించాడు. 2015లో అభిమానులు చందాలు పోగుచేసి ఇరవైనాలుగు వేల పౌండ్లు బృందనాయకుడు రిచర్డ్ స్పెన్సర్‌కు ఇచ్చారు. అప్పటికి కోల్‌మన్ లేడు. ఉమ్మడి సంపద అని మనం మెచ్చుకునే దాంట్లో కూడా కూలి ముట్టని చెయ్యి ఉండవచ్చు.

ఇప్పుడు నా విద్యార్థికి జవాబు చెప్పగలను. కళలో వస్తువు మాటల్లోనే ఉండనక్కరలేదు. ఎవరు చేశారు, ఎవరికోసం చేశారు, ఎవరి శరీరాలను ఏ లయలో కలిపారు అన్నదీ వస్తువే. ప్రజల కళ ప్రజలదని వేదికలమీద చెప్పే మనం, ప్రజలు ఆడుతున్నప్పుడు మాత్రం చెవులు మూసుకుంటే, ఆ లోపం కళది కాదు, మన కొలబద్దది.