శివరాత్రి లోపు మిద్దె మీద ఏ గింజలు వేయాలి? ఎన్ని కుండీలు పెట్టాలి?

  ఈ వారం కామెంట్స్‌లో ఎక్కువమంది అడిగింది ఒకటే. "అక్కా, ఎండాకాలం వచ్చేస్తోంది కదా, ఇప్పుడు మొక్కలు మొదలుపెట్టొచ్చా?" అని. పెట్టొచ్చు. ఇంకా చెప్పాలంటే ఈ రెండు మూడు వారాలు దాటితే కష్టం. ఎందుకో చెప్తాను, చివరిదాకా చూడండి.

క్యాలెండర్‌లో వసంతం ఉగాదికి వస్తుంది. మిద్దె మీద మాత్రం ఫిబ్రవరిలోనే వచ్చేస్తుంది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని పెద్దవాళ్లు అంటారు కదా, ఆ చలి పోయే టైమే మనకి కావాలి. బెండ, సొర, బీర, కాకర, దోస లాంటి గింజలకి మట్టి వెచ్చగా ఉంటేనే మొలక వస్తుంది. అలాగని మార్చి చివరిదాకా ఆగితే, లేత మొక్క నేరుగా 40 డిగ్రీల ఎండలో పడుతుంది. ఇప్పుడు వేస్తే ఆ ఎండ వచ్చేసరికి వేళ్లు కిందిదాకా దిగి ఉంటాయి.

తీగజాతికి ఇంకో కారణం కూడా ఉంది. ఎండ బాగా ముదిరితే సొర, దోస తీగలకి మగపూలు ఎక్కువ, ఆడపూలు తక్కువ వస్తాయి. తీగ పచ్చగా ఉంటుంది, పూలు ఉంటాయి, కాయ మాత్రం కనపడదు. అందుకే తొందరగా వేయమంటున్నా.

గింజల కంటే ముందు ఒక లెక్క వేసుకుందాం. చాలామంది ఫిబ్రవరిలో ఉత్సాహంగా 40 కుండీలు పెట్టేస్తారు, మేలో సగం ఎండబెట్టేస్తారు. కుండీల సంఖ్య ఇప్పుడున్న ఓపికని బట్టి కాదు, మేలో మీ ఇంట్లో ఉండే నీళ్లని బట్టి తేల్చుకోండి. మా మిద్దె మీద 12 అంగుళాల కుండీకి మే నెలలో రోజుకి దాదాపు 2 లీటర్లు పడుతుంది. అంటే 20 కుండీలకి 40 లీటర్లు, రోజూ. మీ వీధిలో ఎండాకాలం ట్యాంకర్ కోసం ఎదురుచూసే పరిస్థితి ఉంటే 8 కుండీలతో ఆపేయండి. బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు ఒక బకెట్‌లో పట్టుకుంటే వాటికి చాలావరకు సరిపోతాయి. ఆర్వో నుంచి బయటికొచ్చే నీళ్లు మాత్రం అచ్చంగా అవే పోయొద్దు. ఉప్పు ఎక్కువ ఉంటుంది, మామూలు నీళ్లు బాగా కలిపి వాడండి.

రెండో లెక్క బరువు. 20 లీటర్ల బకెట్ నిండా తడి మట్టి 30 కిలోలు దాటుతుంది. పెద్ద కుండీలన్నీ స్లాబ్ మధ్యలో పెట్టకుండా, కింద గోడలూ బీములూ ఉన్నచోట వరసగా పెట్టండి. కుండీ కింద రెండు ఇటుకలు పెడితే నీళ్లు నిలవవు, స్లాబ్ ఆరుతుంది. అద్దె ఇంట్లో ఉండేవాళ్లు ఇది తప్పకుండా చేయండి, ఓనర్ అంకుల్‌తో గొడవ ఉండదు. మట్టి కలిపేది సింపుల్. ఒక వంతు ఎర్రమట్టి, ఒక వంతు కోకోపీట్, ఒక వంతు బాగా మాగిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్ట్. కుండీకి ఒక గుప్పెడు వేపపిండి. అంతే.

ఇప్పుడు గింజలు. ఇదిగో, ఇది బెండ. రాత్రి నానబెట్టి, పొద్దున అర అంగుళం లోతులో పెట్టండి. వారం లోపు మొలుస్తుంది, 45 నుంచి 50 రోజుల్లో కోతకొస్తుంది. నాలుగు మొక్కలు పెడితే కూరకి చాలవు, ఎనిమిది పది ఉండాలి. ఇది కాకర, చూడండి పెంకు ఎంత గట్టిగా ఉందో. ఒక రోజంతా నానబెట్టి, తడిగుడ్డలో కట్టి ఉంచి, మొలక కనపడ్డాక నాటండి. సొర, అంటే కోస్తావాళ్ల ఆనపకాయ, దానికి పెద్ద టబ్ కావాలి. ఒక టబ్‌కి ఒక్క తీగే. తోటకూర గింజలు మరీ చిన్నవి కాబట్టి ఇసుకలో కలిపి చల్లండి, నెల లోపే కోసుకోవచ్చు. గోంగూర ఎండకి భయపడదు. బాల్కనీలో మూడు నాలుగు గంటల ఎండే వచ్చేవాళ్లు తోటకూర, మెంతికూరతో సరిపెట్టుకోండి. బెండకి, తీగలకి కనీసం ఆరు గంటల ఎండ ఉండాలి.

టమాటా గురించి అడుగుతారని తెలుసు. ఇప్పుడు గింజ వేస్తే పూతకొచ్చేసరికి ఏప్రిల్ అవుతుంది. ఆ వేడికి పూత రాలిపోతుంది. ఆ కుండీ బెండకి ఇచ్చేయండి, టమాటా వానాకాలంలో చూసుకుందాం.

పూల విషయానికొస్తే, బంతి గింజ వేస్తే పూయడానికి సుమారు రెండు నెలలు పడుతుంది. ఉగాది గుమ్మానికి మీ బంతిపూలే కావాలంటే నర్సరీలో నారు తెచ్చుకోండి. గడ్డి గులాబీ కొమ్మ మూడు అంగుళాలు తుంచి మట్టిలో గుచ్చితే చాలు, ఎండ ఎంత ఉంటే అంత బాగా విచ్చుకుంటుంది. ఇంట్లో మల్లె ఉంటే, ఎండిన కొమ్మలు తీసేసి, ఎరువు వేసి, నీళ్లు పెంచండి. మొగ్గ కొత్త చిగురుకే వస్తుంది.

ఇంకో ముఖ్యమైన విషయం. అపార్ట్‌మెంట్ ఐదో అంతస్తుకి తేనెటీగలు సరిగ్గా రావు. పిందె పసుపు రంగుకి తిరిగి రాలిపోతోందంటే చాలాసార్లు కారణం అదే. పువ్వు వెనక చిన్న పిందె ఉంటే ఆడపువ్వు, సన్న కాడ ఉంటే మగపువ్వు. మగపువ్వు రెక్కలు తీసేసి, లోపలి పుప్పొడిని ఆడపువ్వు మధ్యలో మెల్లగా రాయండి. టైమింగ్ గుర్తుపెట్టుకోండి. కాకర, దోస, గుమ్మడి పొద్దున్నే విచ్చుకుంటాయి. సొర, బీర సాయంత్రం. ఆఫీస్ నుంచి వచ్చాక సొర దగ్గరికి వెళ్లినా సరిపోతుంది.

చివరగా పురుగులు. బెండ ఆకులో ఈనెలు పసుపుపచ్చగా వలలాగా కనపడితే అది వైరస్, మోసుకొచ్చేది తెల్లదోమ. వచ్చిన మొక్కకి మందు లేదు. పీకి దూరంగా పారేయండి, పక్క మొక్కలు బతుకుతాయి. రాకముందే పసుపు జిగురు అట్టలు కట్టండి. వారానికోసారి సాయంత్రం లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల లిక్విడ్ సోప్ కలిపి ఆకుల అడుగున కొట్టండి, తెల్లదోమ ఉండేది అక్కడే.

అంతే ఫ్రెండ్స్. ఈ ఆదివారం రెండు కుండీలు బెండ, ఒక ట్రే తోటకూర, ఒక టబ్ సొర పెట్టి చూడండి. మీ మిద్దె మీద ఎన్ని గంటల ఎండ వస్తుందో, మేలో నీళ్లు ఎలా ఉంటాయో కామెంట్‌లో రాయండి, ఎన్ని కుండీలు పెట్టుకోవచ్చో చెప్తాను. వచ్చే ఎపిసోడ్‌లో గ్రీన్ నెట్ ఎప్పుడు కట్టాలో, ఎంత ఎత్తులో కట్టాలో చూద్దాం. ఉంటాను మరి.