వర్డ్‌లో కనిపించేదెంత, దాగి ఉండేదెంత?

వర్డ్‌లో బొమ్మను అర అంగుళం పక్కకు జరిపితే కింది పేరాలన్నీ ఎందుకు చెదిరిపోతాయి? ఒక్క ఎంటర్ చెరిపితే శీర్షిక రూపం ఎందుకు మారిపోతుంది? ఈ చిక్కులు ఎదురైనవాళ్లు తమకే కంప్యూటర్ సరిగ్గా రాదనుకుంటారు. లోపం వాళ్లలో లేదు. ప్రోగ్రామ్ కొన్ని సంగతులు మనకు చూపించదు, చిక్కంతా అక్కడే వస్తుంది.

ఏది చూపాలి, ఎలా మార్చనివ్వాలి అన్నదానికి ఒక కొలబద్ద ఉంది. అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు బెన్ ష్నైడర్‌మన్ 1980ల మొదట్లో దానికి డైరెక్ట్ మానిప్యులేషన్ అని పేరు పెట్టారు. అంటే కళ్లెదుట ఉన్న వస్తువునే పట్టుకుని మార్చడం. సైకిల్ తొక్కేవారు హ్యాండిల్ తిప్పుతారు, ఎన్ని డిగ్రీలు తిరగాలో చీటీ రాసి ఇవ్వరు. నియమాలు మూడు: వస్తువు ఎప్పుడూ కనిపిస్తూ ఉండాలి. కంఠస్థం చేసిన ఆదేశాలతో కాక, చేతి కదలికతోనో పేరు రాసి ఉన్న బటన్‌తోనో పని జరగాలి. ప్రతి చిన్న మార్పూ వెంటనే కనిపించాలి, వద్దనుకుంటే వెనక్కి తీసుకునే వీలుండాలి.

రెండో నియమంలో వర్డ్ ప్రాసెసర్లకు మంచి మార్కులే వేయాలి. 1978లో వచ్చిన వర్డ్‌స్టార్‌లో ఒక పేరా చోటు మార్చాలంటే కంట్రోల్ మీటతో పేరా మొదట కె, బి, చివర కె, కె, కొత్త చోట కె, వి నొక్కాలి. ఇవన్నీ గుర్తుండాలి. ఇప్పుడు పేరాను ఎంచి మౌస్‌తో లాగితే సరిపోతుంది.

ఈ సుఖం వెనుక జిరాక్స్ పార్క్ పరిశోధనశాల ఉంది. 1974లో అక్కడ తయారైన బ్రేవో, కాగితంపై ఎలా వస్తుందో తెరపై అలాగే చూపింది. దాన్ని నడిపిన ఆల్టో కంప్యూటర్ తెర కూడా కాగితంలాగే నిలువుగా ఉండేది: అడ్డంగా 606 చుక్కలు, నిలువుగా 808. కానీ బ్రేవోలో ఒక ప్రమాదం పొంచి ఉండేది. ఆదేశాలు అందుకునే స్థితిలో ఉన్నప్పుడు పొరపాటున ‘ఎడిట్’ అన్న ఇంగ్లిష్ మాట టైప్ చేస్తే, ఇ అక్షరం మొత్తం పత్రాన్ని ఎంచుతుంది, డి చెరిపేస్తుంది, ఐ కొత్త రాతకు సిద్ధం చేస్తుంది. చివరికి తెరపై మిగిలేది టి ఒక్కటే. ఒకే మీట రెండు వేళల్లో రెండు పనులు చేస్తే ఇంత నష్టం. 1975లో లారీ టెస్లర్, టిమ్ మాట్ తయారుచేసిన జిప్సీ ఈ స్థితుల గొడవను తీసేసింది. మనం రోజూ వాడే కట్, కాపీ, పేస్ట్ పద్ధతి అక్కడే రూపుదిద్దుకుంది.

మూడో నియమంలోనూ పాసే. సెకనులో పదో వంతు లోపు స్పందన వస్తే మనిషికి అది తక్షణమే జరిగినట్టు అనిపిస్తుంది. మామూలు పత్రంలో అక్షరం అంతకన్నా ఆలస్యం కాదు. కంట్రోల్-జడ్ వరుసగా నొక్కితే అడుగులు ఒక్కొక్కటే వెనక్కి పోతాయి.

మొదటి నియమం దగ్గరే మార్కులు తగ్గుతాయి. 15.6 అంగుళాల మామూలు ల్యాప్‌టాప్ తెర ఎత్తు సుమారు 19 సెంటీమీటర్లు, ఎ4 కాగితం ఎత్తు 29.7. పైనున్న మెనూ పట్టీలు పోను, అసలు సైజులో చూస్తే దాదాపు సగం పేజీయే కనిపిస్తుంది. వంద పేజీల పుస్తకంలో అది రెండువందల్లో ఒక వంతు. పైగా పేరా అమరికను వర్డ్ ఆ పేరా చివరి ఎంటర్ గుర్తులో దాస్తుంది. ఆ గుర్తు చెరిపితే రెండు పేరాలు కలిసి, ఒకదాని రూపం పోవచ్చు. పక్కకు తేలేలా పెట్టిన బొమ్మకూ ఏదో ఒక పేరాతో లంకె ఉంటుంది, పేరా కదిలితే బొమ్మా కదులుతుంది. వీటిని చూడాలంటే వర్డ్‌లో కంట్రోల్-షిఫ్ట్-8, లిబ్రేఆఫీస్‌లో కంట్రోల్-ఎఫ్10 నొక్కండి. ఎంటర్లు, ఖాళీలు గుర్తుల రూపంలో బయటపడతాయి. వర్డ్‌లో బొమ్మ మీద నొక్కితే దాని లంకె కూడా లంగరు గుర్తుగా కనిపిస్తుంది.

తెలుగు రాసేవాళ్లకు ఇంకో దాపరికం ఉంది, నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఇదే. ‘రాష్ట్రం’ బదులు ‘రాస్ట్రం’ అని పడిందనుకోండి. కంటికి ‘స్ట్రం’ ఒకే అక్షరం. యూనికోడ్‌లో, అంటే ప్రపంచ లిపుల్లోని అక్షరాలకు సంఖ్యలు కేటాయించిన పట్టికలో, అది స, పొల్లు, ట, పొల్లు, ర, సున్నా అనే ఆరు ముక్కలు. చాలా ప్రోగ్రాముల్లో కర్సర్ అక్షరం మధ్యలో ఆగదు, బ్యాక్‌స్పేస్ మాత్రం ముక్క ముక్కగా తింటుంది. సకారం ఒక్కటే తప్పు, అయినా ఆరుసార్లు చెరిపి, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో ఆరు మీటలు మళ్లీ కొట్టాలి. మొత్తం 12. కర్సర్‌ను ఆ అక్షరం ముందు పెట్టి డిలీట్ నొక్కితే చాలా చోట్ల అక్షరం మొత్తం ఒకేసారి పోతుంది, అప్పుడు 7 చాలు. చూసే వస్తువు ఒకటి, మార్చే వస్తువు ఇంకొకటి అయితే ష్నైడర్‌మన్ నియమం అక్కడ ఓడినట్టే.

అన్నీ చేత్తో పట్టుకుని మార్చడమే మేలా అంటే, కాదు. పుస్తకంలో 60 శీర్షికలున్నాయనుకుందాం. ఒక్కోదాన్ని మార్చడానికి అర నిమిషమైతే అరగంట పడుతుంది. వాటికి మొదటే ‘హెడింగ్ 1’ స్టైల్ ఇచ్చి ఉంటే, ఆ స్టైల్‌ను ఒక్కసారి మారిస్తే అరవై మారతాయి. స్టైల్ అంటే పేరు పెట్టి దాచుకున్న అమరిక. అది తెరపై పట్టుకోదగ్గ వస్తువు కాదు కాబట్టే చాలామంది దాని జోలికి పోరు. పది పేజీలు దాటే ఏ పత్రమైనా మొదటి శీర్షిక దగ్గరే స్టైల్ పెట్టి మొదలుపెట్టండి.