తూటాని తూచేదెలా?

రండర్రా, అరుగు మీద సర్దుకుని కూర్చోండి. రాత్రి టీవీలో సినిమా చూశారుగా? హీరో పిస్తోలు పేల్చగానే విలన్ అమాంతం గాల్లోకి లేచి, వెనకున్న అద్దాల తలుపు బద్దలు కొట్టుకుని అవతల పడ్డాడు. బుజ్జిగాడు చప్పట్లు కూడా కొట్టాడు. అలా ఎగరడం ఈ భూమ్మీద జరిగే పని కాదమ్మా. ఎందుకు జరగదో తెలుసుకుంటే దాని వెనకే ఇంకో ప్రశ్న వస్తుంది. ఆత్మరక్షణకి పిస్తోలు పెట్టుకునేవాళ్లూ, పోలీసులూ ఫలానా తూటా గొప్పది, ఫలానాది దండగ అని ఏళ్ల తరబడి వాదించుకుంటున్నారు కదా, అసలు ఆ తేడాని కొలిచేది ఎలా?

ముందు విలన్ సంగతి తేల్చేద్దాం. పోలీసుల దగ్గర ఎక్కువగా ఉండే 9 ఎం.ఎం. తూటా ఎనిమిది గ్రాములు తూగుతుంది. గొట్టం దాటేటప్పుడు సెకనుకి 350 మీటర్ల చొప్పున పోతుంది. బరువుని వేగంతో గుణిస్తే వచ్చేదాన్నే మీ పుస్తకంలో ద్రవ్యవేగం అన్నారు. గ్రాముల్ని కిలోల్లోకి మార్చి గుణించండి, 2.8 వస్తుంది. అదంతా 70 కిలోల మనిషికి అందినా, అతను వెనక్కి జరిగేది సెకనుకి 4 సెంటీమీటర్లు. అదే 160 గ్రాముల క్రికెట్ బంతిని గంటకి 140 కిలోమీటర్ల వేగంతో వేస్తే దాని ద్రవ్యవేగం 6 దాటుతుంది. అంటే తోయడంలో తూటా కంటే బంతే రెండింతలు. అంతటి బంతి హెల్మెట్‌కి తగిలినా బ్యాట్స్‌మన్ ఎవడూ బౌండరీ దాకా ఎగిరిపోలేదు కదా? పైగా తూటా ముందుకి ఎంత తోస్తుందో పిస్తోలు వెనక్కి అంత తోస్తుంది. విలన్ ఎగిరితే హీరో కూడా ఎగిరి వెనకున్న గోడకి కొట్టుకోవాలి!

ఈ ద్రవ్యవేగంతోనే తూటా వేగాన్ని మొదట కొలిచినాయన పేరు బెంజమిన్ రాబిన్స్. ఇంగ్లండువాడు. ఆయన రోజుల్లో కెమెరాలా, ఎలక్ట్రిక్ గడియారాలా? కంటికి కనపడనిదాన్ని కొలవడం ఎట్లా? ఆయనేం చేశాడంటే, బరువైన చెక్కదిమ్మని ఉయ్యాలలాగా వేలాడదీసి దాన్ని కాల్చాడు. తూటా లోపల దిగబడిపోతుంది, దిమ్మ కాస్త వెనక్కి ఊగుతుంది. ఎంత ఊగిందో కిందనున్న రిబ్బను మీద చూసుకుని, అక్కణ్ణుంచి వెనక్కి లెక్క కట్టుకుంటూ పోతే తూటా వేగం చేతికొస్తుంది. 1742లో దీని మీద పుస్తకమే వేశాడు. దాన్ని లియొనార్డ్ ఆయిలర్ అంతటి గణితవేత్త జర్మన్‌లోకి తెచ్చి వ్యాఖ్యానం రాశాడు. ఇంకో సంగతి విన్నారా, ఈ రాబిన్స్ తర్వాత ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరి, కోటలు బాగుచేయించడానికి మన చెన్నపట్నం వైపే వచ్చాడు. 1751లో కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటలో జ్వరంతో పోయాడు. నలభై అయిదేళ్లు కూడా నిండలేదు. అంత తెలివైనవాడు ఇంకో ఇరవై ఏళ్లు బతికి ఉంటే ఏమేం కనిపెట్టేవాడో అని నాకు ఇప్పటికీ బెంగగా ఉంటుంది.

ఆ ఉయ్యాలలోనే మనకి కావలసిన కీలకం ఉంది. అయిదు కిలోల దిమ్మని మన 9 ఎం.ఎం. తూటాతో కొట్టామనుకోండి. దిమ్మ ఎంత పైకి లేస్తుంది? ఒకటిన్నర సెంటీమీటర్లు, ఇంకాస్త. ఇప్పుడు శక్తి లెక్క వెయ్యండి. బరువులో సగాన్ని వేగంతో రెండుసార్లు గుణిస్తే, తూటా తెచ్చిన శక్తి దాదాపు 490 జౌళ్లు. దిమ్మని పైకి లేపడానికి అయింది ఒక్క జౌలు కూడా లేదు! మిగతాదంతా ఏమైంది? చెక్కని చీల్చడానికి, సీసాన్ని నలగ్గొట్టడానికి, వేడి పుట్టించడానికి పోయింది. ద్రవ్యవేగం మాత్రం పైసా పోకుండా దిమ్మకి చేరింది. అందుకే తూటాల డబ్బా మీద అచ్చువేసిన జౌళ్లు చూసి ఇది గొప్పది అనెయ్యకూడదు. ఆ శక్తి లోపల దేనికి ఖర్చవుతుందో డబ్బా చెప్పదు. అమెరికావాళ్లు తరతరాలుగా ముచ్చటపడే పాయింట్ 45 అంగుళాల తూటా ఉందే, అది 15 గ్రాములు, నిదానంగా సెకనుకి 260 మీటర్లు పోతుంది. లెక్క కడితే దానికీ దాదాపు 500 జౌళ్లే. బరువు పక్షంవాళ్లు ద్రవ్యవేగం చూపిస్తారు, వేగం పక్షంవాళ్లు శక్తి చూపిస్తారు. ఇద్దరి లెక్కా సరైనదే, తగువు మాత్రం తెగదు.

ఆ తగువు తెంచడానికి 1904లో అమెరికా సైన్యం చికాగో కబేళాలో పశువుల మీదా, ఆసుపత్రి శవాల మీదా కాల్చి చూసింది. ఆ నివేదిక తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది, దాని గురించి ఇంతకంటే చెప్పను. కొన్నంటే కొన్నే పశువులు, ఒక్కోదాన్ని ఒక్కో చోట కొట్టడం. అందులోంచి పెద్ద తూటాయే మేలని తేల్చారు. 1911లో వాళ్ల సైన్యం పాయింట్ 45 పిస్తోలు పట్టింది.

కానీ కొలత అంటే ఎన్నిసార్లు కొలిచినా ఒకే జవాబు రావాలి. అలాంటి కొలబద్ద చివరికి దొరికింది వంటింటి సరుకులో. మేక కాళ్ల పులుసు రాత్రి మిగిలితే తెల్లారేసరికి గడ్డకట్టి గరిటె పెడితే కదులుతూ ఉంటుంది కదా, ఆ గడ్డకట్టించేది జెలటిన్. ఎముకల్లోంచీ తోలులోంచీ వస్తుంది. ఒక వంతు జెలటిన్ పొడి, తొమ్మిది వంతుల నీళ్లు, మరగనివ్వకుండా కరిగించి, దిమ్మగా పోసి, 4 డిగ్రీల చల్లదనంలో ఉంచుతారు. ఈ పద్ధతిని స్థిరపరిచినవాడు డాక్టర్ మార్టిన్ ఫాక్లర్. వియత్నాం యుద్ధంలో గాయపడినవాళ్లకి ఆపరేషన్లు చేసిన సర్జను. తూటా వేగంగా వచ్చిందని చెప్పి గాయం చుట్టూ బాగున్న కండని కూడా కొందరు డాక్టర్లు అనవసరంగా కోసేస్తున్నారని ఆయన బాధ. అందుకే శాన్‌ఫ్రాన్సిస్కోలో సైనిక పరిశోధనశాల పెట్టి, తూటా పంది కండలో ఎంత లోతు పోతుందో జెలటిన్‌లోనూ అంతే పోయేలా పాళ్లు కుదిర్చాడు. నయం చేయడానికి మొదలుపెట్టిన పని ఇది, అది మరిచిపోకండి. దిమ్మ సరిగ్గా కుదిరిందో లేదో చూడ్డానికి ముందు 4.5 మిల్లీమీటర్ల చిన్న ఉక్కుగుండుని సెకనుకి 180 మీటర్ల వేగంతో కొడతారు. అది ఎనిమిదిన్నర సెంటీమీటర్ల దగ్గర ఆగాలి. ఆగకపోతే ఆ దిమ్మ పనికిరాదు.

ఆ దిమ్మలో ఏం కనిపిస్తుందంటే, వేగంగా తీసే కెమెరాలో తూటా దూరగానే జెలటిన్ ఉబ్బి, మళ్లీ ముడుచుకుపోతుంది. చూస్తే భయంకరంగా ఉంటుంది, కానీ పిస్తోలు వేగంలో ఆ ఉబ్బుతో పెద్ద నష్టం లేదు. కండరం, ఊపిరితిత్తి సాగి మళ్లీ సర్దుకుంటాయి. సెకనుకి 900 మీటర్లు పోయే రైఫిల్ సంగతి వేరు. పిస్తోలు తూటాకి మిగిలేది అది నలిపిన సన్నటి దారి, అంతే. దారి ఎంత లోతు, ఎంత వెడల్పు, ఈ రెండే అసలు కొలతలు.

వెడల్పు పెంచడానికి తూటా ముక్కు దగ్గర గుంట పెడతారు, హాలో పాయింట్ అంటారు. తడి కండ ఆ గుంటలోకి తోసుకొచ్చేసరికి ఒత్తిడికి అంచులు రేకులుగా విచ్చుకుంటాయి. 9 మిల్లీమీటర్లది 15 అయితే ముఖం వైశాల్యం దాదాపు మూడింతలు. ముఖం పెద్దదయితే అడ్డూ పెరిగి తొందరగా ఆగిపోతుంది, దాటిపోయి వెనకున్న అమాయకుడికి తగిలే ముప్పు తగ్గుతుంది. విచ్చుకునే తూటాలకి పాత పేరు డమ్ డమ్. కలకత్తా పక్కనున్న డమ్ డమ్ ఆయుధాల ఫ్యాక్టరీలో 1890లలో తయారయ్యాయి. 1899లో హేగ్‌లో కూడిన దేశాల్లో చాలావరకు యుద్ధంలో వీటిని వాడకూడదని ఒప్పుకున్నాయి. పోలీసులకి ఆ నిషేధం వర్తించలేదు.

మరీ తొందరగా ఆగినా చిక్కే. 1986 ఏప్రిల్ 11న అమెరికాలోని మయామీలో అక్కడి కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐవాళ్లకీ ఇద్దరు దొంగలకీ కాల్పులు జరిగాయి. ఒక 9 ఎం.ఎం. తూటా దొంగ చేతిలోంచి దూరి ఛాతీలోకి వెళ్లి, గుండెకి కొద్ది దూరంలో ఆగిపోయింది. అతను ఆ తర్వాత కూడా కాలుస్తూనే ఉన్నాడు. ఇద్దరు ఏజెంట్లు చనిపోయారు, అయిదుగురు గాయపడ్డారు. తప్పంతా ఆ తూటాదే అంటే నేను ఒప్పుకోను, వాడి చేతిలో ఉన్నది రైఫిల్. అయినా ఎఫ్‌బీఐ అక్కణ్ణుంచే జెలటిన్ పట్టుకుంది. 30 సెంటీమీటర్లకి తగ్గకూడదు, 45 దాటకూడదు అని గీత గీసింది. ఛాతీ అంత మందం ఉండదుగా అంటారా? ముందు చెయ్యి అడ్డం రావచ్చు, ఏటవాలుగా తగలొచ్చు. ఉత్త దిమ్మతో వదల్లేదు, మందపాటి బట్టలు, చెక్క, రేకు, కారు అద్దం అడ్డంపెట్టి కూడా కాల్చారు. బట్టలే గమ్మత్తు చేశాయి. నూలు పీలికలు గుంటలో కూరుకుపోతే ముక్కు విచ్చుకోదు, మామూలు తూటాలా దూసుకుపోతుంది. అందుకని ఇప్పుడు కొన్నిటి గుంటలో మెత్తటి ప్లాస్టిక్ బిరడా పెడుతున్నారు.

ఎఫ్‌బీఐ మొదట 10 ఎం.ఎం.కి మారింది, దాని తన్నుడు చాలామంది చేతులు తట్టుకోలేదు. తర్వాత 1990లో వచ్చిన పాయింట్ 40 పట్టింది. చివరికి మళ్లీ 9 ఎం.ఎం.కే వచ్చింది. ఈలోగా తూటా తయారీ మెరుగుపడి, మంచి 9 ఎం.ఎం. కూడా జెలటిన్‌లో పెద్దవాటంత లోతూ వెడల్పూ చూపించింది. తన్నుడు తక్కువ, పిస్తోల్లో ఎక్కువ తూటాలు పడతాయి. కంగారులో పోలీసుల గుళ్లు చాలావరకు గురి తప్పుతాయి కాబట్టి, ఏజెంట్ల చేత దేంతో గురి బాగా కుదురుతుందో కాల్పించి చూశారు. ఎక్కువమందికి 9 ఎం.ఎం.తోనే కుదిరింది.