బెల్టులు ఎక్కువ... గుర్తుండే పేర్లు తక్కువ!

ఒకప్పుడు హెవీవెయిట్ ఛాంపియన్ అంటే ప్రపంచంలోకెల్లా బలవంతుడని లెక్క. ఆ పేరు తెలియని ఊరుండేది కాదు. ఇప్పుడో... కోట్లు కురుస్తున్నా, బెల్టులు మెరుస్తున్నా ఆ మనిషెవరో చెప్పమంటే చాలామంది తల గోక్కుంటారు. ప్రొఫెషనల్ బాక్సింగ్‌కి ఎందుకిలా అయింది? చేతిలో పంచ్ ఉన్న మన పిల్లలు ఎటు వెళుతున్నారు?

ఉప్పలగుప్తం సెంటర్లో టీ కొట్టు దగ్గర నిలబడి ‘బాక్సింగ్ అంటే ఎవరు గుర్తొస్తారు?’ అని అడిగి చూడండి. పెద్దాయనెవరైనా ఉంటే మహమ్మద్ అలీ అంటారు. నలభై దాటినవాళ్లు ‘టైసన్... అదే, చెవి కొరికినాయన’ అంటారు. కుర్రాళ్లని అడిగితే ‘గని’ సినిమాలో వరుణ్‌తేజ్‌నో, ‘గురు’లో వెంకటేష్‌నో తలచుకోవచ్చు. ‘మరి ఇప్పటి ఛాంపియన్ ఎవరు?’ అన్నారనుకోండి, గ్లాసు కింద పెట్టి మొహమొహాలు చూసుకోవాల్సిందే.

తప్పు వాళ్లది కాదు. జవాబు చెప్పడం నిజంగానే కష్టం!

ఒక కిరీటం... నాలుగు ముక్కలు

పూర్వం బాక్సింగ్‌లో బరువును బట్టి ఎనిమిది విభాగాలుండేవి. విభాగానికొక ఛాంపియన్. అంటే ఎనిమిది పేర్లు గుర్తుంచుకుంటే చాలు. ఇప్పుడు విభాగాలు పదిహేడు. పైగా డబ్ల్యూబీఏ, డబ్ల్యూబీసీ, ఐబీఎఫ్, డబ్ల్యూబీవో అని నాలుగు సంస్థలు. ఎవరి బెల్టు వాళ్లదే, ఎవరి ఛాంపియన్ వాళ్లకే. లెక్క వేస్తే ఒకే సమయంలో అరవై ఎనిమిది మంది ‘ప్రపంచ ఛాంపియన్లు’ ఉండొచ్చన్నమాట.

2024 మేలో ఉక్రెయిన్ వీరుడు ఒలెక్సాండర్ ఉసిక్, టైసన్ ఫ్యూరీని ఓడించి హెవీవెయిట్‌లో నాలుగు బెల్టులూ ఒక్కడే అందుకున్నాడు. 1999లో లెనాక్స్ లూయిస్ తర్వాత ఆ విభాగానికి తిరుగులేని ఏకైక ఛాంపియన్ దొరకడం అదే మొదలు. పాతికేళ్లు పట్టింది! ఆ సంబరమైనా నిలిచిందా అంటే, నెలన్నర తిరక్కుండానే ఉసిక్ ఒక బెల్టు వదులుకోవాల్సి వచ్చింది. ఒక సంస్థ ఫలానావాడితో ఆడమంటుంది, ఇంకోదానికి ఇంకెవరో కావాలి. మధ్యలో అయోమయం చూసేవాడికి.

డబ్బులిస్తేనే దెబ్బలు

రెండో కారణం టీవీ. అమెరికాలో 1950లలో శుక్రవారం రాత్రి అయిందంటే ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చుని బాక్సింగ్ చూసేవాళ్లు... ఉచితంగా. తర్వాత పెద్ద పోటీలన్నీ ‘పే పర్ వ్యూ’ చాటుకి వెళ్లిపోయాయి. అంటే ఆ ఒక్క పోటీ చూడ్డానికి విడిగా సొమ్ము చెల్లించాలి. 2015 మే 2న మేవెదర్, పాకియావో తలపడితే అమెరికాలో దాదాపు 46 లక్షల కనెక్షన్లు అమ్ముడుపోయాయి. ఒక్కోటీ వంద డాలర్ల దాకా. నిర్వాహకులకు పండగే. కానీ వంద డాలర్లు పెట్టలేని ఇంట్లో పిల్లాడికి బాక్సింగ్ మీద మోజెలా పుడుతుంది? వ్యాపారం పెరిగింది, అభిమానం తరిగింది. నలభై అయిదేళ్లపాటు బాక్సింగ్‌ను చూపించిన హెచ్‌బీవో 2018లో చేతులెత్తేసింది. 2023 చివర్లో షోటైమ్ కూడా అదే బాట పట్టింది.

ఈలోగా 1993లో మొదలైన యూఎఫ్‌సీ కుర్రకారును తనవైపు తిప్పుకుంది. పంచ్‌లతోపాటు తన్నులూ, కుస్తీ పట్లూ కలిసిన పోరు అది. విజయ్ దేవరకొండ ‘లైగర్’లో ఆడింది ఆ తరహా ఆటే. అందులో మైక్ టైసన్ మెరవడం ఒక విచిత్రం.

అసలు విచిత్రం 2024 నవంబరులో జరిగింది. 58 ఏళ్ల టైసన్, 27 ఏళ్ల యూట్యూబ్ స్టార్ జేక్ పాల్‌తో బరిలోకి దిగాడు. టెక్సాస్ స్టేడియానికి డెబ్భై వేల మందికి పైగా వచ్చారు. నెట్‌ఫ్లిక్స్‌లో ఆరు కోట్ల ఇళ్లలో చూశారని ఆ సంస్థే ప్రకటించింది. అంటే జనానికి పోటీ చూడాలన్న సరదా చావలేదు. వాళ్లకు తెలిసిన పేరు కావాలి, అదీ చవగ్గా ఇంట్లోకి రావాలి. నేటి ఛాంపియన్లకు కరవైంది ఆ రెండే!

రక్తం ఖరీదు

ఇంకో కారణం... భయం. 1982 నవంబరులో లాస్ వేగాస్‌లో రే మాన్సినీతో పోరాడుతూ దక్షిణ కొరియా బాక్సర్ కిమ్ డుక్ కూ పద్నాలుగో రౌండులో కుప్పకూలాడు. నాలుగు రోజులకు కన్నుమూశాడు. ఆ దెబ్బతో ఛాంపియన్‌షిప్ పోటీల్లో పదిహేను రౌండ్లు పన్నెండుకు తగ్గాయి. 1984లో అలీకి పార్కిన్సన్స్ అని తేలింది. సీతాకోకచిలుకలా కదిలిన మనిషి చేతులు వణుకుతుంటే ప్రపంచం చూసి కళ్లు చెమర్చుకుంది. 2016లో ఆయన పోయేదాకా ఆ వణుకు వెంటాడింది. ‘నా కొడుకును ఆ రింగులోకి పంపాలా?’ అని తల్లులు ఆలోచనలో పడ్డారంటే వింతేముంది?

మన దగ్గర మొలకెత్తలేదు

1980లో అలీ మన దేశానికి వచ్చాడు. ఢిల్లీలో కౌర్ సింగ్‌తో, మద్రాసు నెహ్రూ స్టేడియంలో జిమ్మీ ఎల్లిస్‌తో ప్రదర్శన పోటీలు ఆడాడు. జనం విరగబడి చూశారు. అంత ఊపు వచ్చినా ప్రొఫెషనల్ బాక్సింగ్ మాత్రం ఇక్కడ వేళ్లూనలేదు.

2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన విజేందర్ సింగ్ 2015లో ప్రొఫెషనల్‌గా మారాక మళ్లీ ఆశలు చిగురించాయి. 2016లో ఢిల్లీలో కెర్రీ హోప్‌పై గెలిచి డబ్ల్యూబీవో ఆసియా పసిఫిక్ బెల్టు గెలిచాడు. వరసగా పన్నెండు విజయాలు! 2021లో గోవాలో తొలి ఓటమి. ఆ తర్వాత వెనకాల వరస కట్టేవాళ్లు కనబడలేదు.

కారణం వెతకడానికి ఎంతో దూరం వెళ్లనక్కర్లేదు. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ కథ చాలు. తండ్రి ప్రోత్సాహంతో గ్లౌజులు తొడుక్కుంది. సొంతూళ్లో సంసముద్దీన్ దగ్గర ఓనమాలు నేర్చుకుంది. 2009లో విశాఖపట్నం ‘సాయ్’ కేంద్రంలో ద్రోణాచార్య పురస్కార గ్రహీత ఐ.వెంకటేశ్వరరావు శిక్షణలో చేరింది. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ ఛాంపియన్ అయింది. 2024లో తెలంగాణ ప్రభుత్వం డీఎస్పీ ఉద్యోగమిచ్చింది. ఇదంతా అమెచ్యూర్ బాక్సింగ్‌లోనే. మూడు రౌండ్ల ఆట, దేశం పేరున ఆడే ఆట.

సంసముద్దీన్ కొడుకు హుసాముద్దీన్ సైన్యంలో ఉంటూ రెండు కామన్వెల్త్ కాంస్యాలు తెచ్చాడు. విశాఖకే చెందిన ఎన్.ఉషకు 2020లో ధ్యాన్‌చంద్ పురస్కారం దక్కింది. మన దగ్గర బాక్సింగంటే పతకం, పతకమంటే స్పోర్ట్స్ కోటా, కోటా అంటే నెలనెలా జీతం. అటుపక్క ప్రొఫెషనల్ రింగులో పోటీ ఉంటేనే కూలి. చెయ్యి విరిగితే ఆ నెల పస్తు. పేదింటి పిల్ల ఏ దారి ఎంచుకుంటుందో వేరే చెప్పాలా?

అయితే ఆ అమెచ్యూర్ దారికీ గండం వచ్చి తప్పింది. అంతర్జాతీయ సంఘంతో గొడవల కారణంగా 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్ తొలి జాబితాలో బాక్సింగ్ లేదు. 2025 మార్చిలో మళ్లీ చేర్చారు. చేర్చకపోయి ఉంటే మన పిల్లల నోటి దగ్గర ముద్ద పోయేది!

కోనసీమ ఏం చెబుతోంది?

ఉప్పలగుప్తానికి కూతవేటు దూరంలోని అమలాపురంలో దసరాకి చెడీ తాలింఖానా చూడ్డానికి ఇసకేస్తే రాలనంత జనం. కత్తులు గిర్రున తిరుగుతాయి, కర్రలు గాల్లో ఈల వేస్తాయి. 1856లో కొంకాపల్లిలో అబ్బిరెడ్డి రామదాసు మొదలుపెట్టారని చెప్పుకునే ఈ విద్యకు టిక్కెట్టు లేదు, బెల్టు లేదు. వీధి వీధంతా తమదనుకుంటుంది. అందుకే తరాలు మారినా చూసేవాళ్లు తగ్గలేదు.

అదే అమలాపురం నుంచి వెళ్లిన సాత్విక్ సాయిరాజ్ 2023లో చిరాగ్ శెట్టితో కలిసి బ్యాడ్మింటన్ డబుల్స్‌లో ప్రపంచ నంబర్‌వన్ అయ్యాడు. ఇక కోనసీమ పిల్లలు రాకెట్ పట్టుకోక ఏం చేస్తారు? ఎదురుగా కనబడే మనిషిని చూసే ఏ పిల్లాడైనా ఆట నేర్చుకునేది.

ప్రొఫెషనల్ బాక్సింగ్ పోగొట్టుకున్నది సరిగ్గా దాన్నే. డబ్బు పోలేదు, బలం పోలేదు. టీ కొట్టు దగ్గర తడుముకోకుండా చెప్పే ఆ ఒక్క పేరు పోయింది. అది తిరిగొచ్చేదాకా ఎన్ని బెల్టులు కట్టుకున్నా... నడుముకి బరువే!