మీకు తెలుసా? ఒకే ఫిల్మ్, రెండు బీటిల్స్ చిత్రాలు
1969 జనవరిలో లండన్‌లో ‘బీటిల్స్’ రాక్ బృందం పాటలు కట్టుకుంటుండగా మైకేల్ లిండ్సే-హాగ్ తీయించిన సుమారు 60 గంటల ఫిల్మ్ నుంచి 1970లో దాదాపు 80 నిమిషాల ‘లెట్ ఇట్ బీ’ వెలువడగా, అదే ముడిసరుకుతో 2021లో పీటర్ జాక్సన్ ఎనిమిది గంటలకు చేరువైన ‘గెట్ బ్యాక్’ను కూర్చారు. గిటార్ల మోతలో మునిగిన మాటలను మెషిన్ లెర్నింగ్, అంటే ఉదాహరణల నుంచి ధ్వనులను పోల్చుకోవడం నేర్చుకునే కంప్యూటర్ పద్ధతి, వేరుచేసి వినిపించింది. ఇటువంటి డాక్యుమెంటరీని బేరీజు వేయడానికి దృశ్యాలు అరుదైనవైతే చాలదు; బొమ్మా శబ్దమూ ఒకే క్షణానివా అన్నదే గట్టి పరీక్ష. పూలకుండీలో దాచిన మైకుకు చిక్కిన బృంద సభ్యులు లెనన్, మెకార్ట్నీల సంభాషణకు ఫిల్మ్ లేకపోవడంతో, జాక్సన్ ఆ మాటలను అక్షరాలుగా తెరపై చూపడం మెచ్చదగిన నిజాయితీ.