మెట్టు లేని చోట మోకాలు అడ్డు కాదు

(మా గ్రామీణ విలేకరి)

అమెరికా వెళ్ళొచ్చిన మా పెద్దమ్మను "అక్కడ ఏం చూశావమ్మా?" అని ఇరుగుపొరుగు ఆడవాళ్ళు అడిగారు. ఆమె మేడల గురించి చెప్పలేదు, మంచు గురించీ చెప్పలేదు. "బండి తోలానే!" అంది.

ఆమెకు అరవై ఎనిమిదేళ్ళు. మోకాళ్ళలో గుజ్జు అరిగిపోయి నాలుగేళ్ళయింది. వంటింట్లోంచి వీధి అరుగు మీదికి రావాలంటే గోడ పట్టుకోవాలి. అటువంటి మనిషి ఫ్లోరిడా రాష్ట్రంలోని వాల్ట్ డిస్నీ వరల్డ్ అనే వినోదాల లోకాన్ని తిరిగి చూసి వచ్చిందంటే మొదట ఎవరూ నమ్మలేదు.

మన జిల్లాలో చాలా ఊళ్ళ నుంచి పిల్లలు అమెరికాలో ఉద్యోగాలు చేస్తున్నారు. వాళ్ళను చూడటానికి వెళ్ళే తల్లిదండ్రులు, ఎటైనా తీసుకువెళతామంటే "నేను నడవలేను, మీరు వెళ్ళిరండి" అని ఇంట్లోనే కూర్చుంటున్నారు. అటువంటి పెద్దల కోసమే ఈ నాలుగు మాటలు.

ఏడాది పొడుగునా తిరునాళ్ళు

ఓర్లాండో నగరానికి దగ్గరలో 1971 అక్టోబరు 1న ఈ స్థలాన్ని తెరిచారు. విస్తీర్ణం సుమారు 25 వేల ఎకరాలు. లోపల నాలుగు పెద్ద పార్కులు ఉన్నాయి. మాజిక్ కింగ్‌డమ్ మొదటిది. 1982లో ఎప్‌కాట్, 1989లో ఇప్పుడు హాలీవుడ్ స్టూడియోస్ అంటున్న పార్కు, 1998లో యానిమల్ కింగ్‌డమ్ వచ్చాయి. ఒక పార్కు నుంచి మరో పార్కుకు నడిచి పోయేంత దగ్గర కాదు. బస్సులు, పడవలు, ఒకే పట్టా మీద నడిచే మోనోరైలు ఉంటాయి. మన తిరునాళ్ళ సందడి అక్కడ ఏడాది పొడుగునా ఉంటుందన్నమాట. గట్టి కాళ్ళున్నవాళ్ళే సాయంత్రానికి కూలబడతారు.

మొదటి రోజు పెద్దమ్మ నడిచే చూస్తానంది. "అద్దెకు బ్యాటరీ బండి తెస్తానమ్మా" అని కొడుకు అంటే, "కుంటిదాన్ని అనుకోరూ నలుగురూ? నాకొద్దు" అని కోప్పడింది. మాజిక్ కింగ్‌డమ్ పెద్ద వీధి చివరిదాకా నడిచేసరికి మోకాళ్ళు మొరాయించాయి. మిగిలిన రోజంతా బల్ల మీద కూర్చుని పిల్లల సంచులకు కాపలా కాసింది. "అంత దూరం పోయి సంచుల కాపలా కాశాను" అని ఇప్పటికీ నవ్వుతుంది. ఆ రాత్రి మనవరాలు దగ్గరకొచ్చి, "నానమ్మా, రేపు నువ్వు లేకపోతే నేనూ వెళ్ళను" అని మొండికేసింది. పెద్దమ్మ దిగివచ్చింది.

తాబేలు, కుందేలు

మొబిలిటీ స్కూటర్ అంటే మన రోడ్ల మీద తిరిగే స్కూటరు కాదు. మూడు లేక నాలుగు చిన్న చక్రాల మీద కుర్చీ, ముందు హ్యాండిలు, కింద బ్యాటరీ ఉంటాయి. అమెరికాలో మిషిగన్ రాష్ట్రానికి చెందిన ఆల్ థీమ్ అనే ఆయన, నరాల జబ్బుతో నడక కష్టమైన తన భార్య కోసం 1968లో ఇటువంటి బండిని తయారుచేశాడు. దానికి 'అమీగో' అని పేరు పెట్టాడు. స్పానిష్ భాషలో ఆ మాటకు అర్థం నేస్తం.

తోలడం కష్టం కాదు. బొటనవేలితో మీట నొక్కితే కదులుతుంది, వదిలితే ఆగుతుంది. వేరే బ్రేకు వెతుక్కోనక్కరలేదు. వేగానికి గుండ్రటి మర ఉంటుంది. చాలా బళ్ళ మీద దానికి ఒక పక్క తాబేలు బొమ్మ, ఇంకో పక్క కుందేలు బొమ్మ వేస్తారు. ఇంగ్లీషు అక్షరం రాకపోయినా పెద్దమ్మకు ఆ బొమ్మలు అర్థమయ్యాయి. కుందేలు మీద పెట్టినా గంటకు ఏడెనిమిది కిలోమీటర్లకు మించి పోదు. రాత్రి హోటల్ గదిలో సెల్‌ఫోన్‌కు పెట్టినట్టే ఛార్జింగ్ పెట్టాలి.

పార్కు గేటు దగ్గరా బళ్ళు అద్దెకిస్తారు. అవి ఎవరు ముందు వస్తే వారికే. ఆ పార్కు దాటించకూడదు. పద్దెనిమిదేళ్ళు నిండినవారికే ఇస్తారు. బయటి దుకాణంలో తీసుకుంటే బండి మన వెంటే బస్సుకూ హోటలుకూ వస్తుంది. మా వాళ్ళు అదే చేశారు. అద్దె రోజుకు పదుల డాలర్లలో ఉంటుంది గనుక, ముందే నాలుగు చోట్ల విచారించుకోవడం మంచిది.

బస్సే వంగింది

రెండో రోజు బస్సు వచ్చింది. తలుపు దగ్గర పలక కిందికి వాలింది. డ్రైవరు ముందుగా పెద్దమ్మ బండిని ఎక్కించుకుని, చక్రాలకు పట్టీలు బిగించాడు. మిగిలినవాళ్ళంతా క్యూలో నిలబడి చూస్తున్నారు. "సిగ్గుతో తల వంచుకున్నాను. కాసేపటికి తలెత్తి చూద్దును గదా, నన్నెవరూ చూడటంలేదు. ఎవరి గొడవ వాళ్ళది" అంది.

ఆ రోజు ఎప్‌కాట్ చూశారు. అక్కడ ఒక చెరువు చుట్టూ పదకొండు దేశాల పేరుతో మంటపాలు కట్టారు. ఆ బాట రెండు కిలోమీటర్లకు కొద్దిగా తక్కువ. మెక్సికోతో మొదలుపెట్టి చైనా, జపాను, ఫ్రాన్సు మీదుగా కెనడా దాకా పెద్దమ్మ ఒక్కతే తోలుకుంటూ పోయింది. చివరికి, "మన దేశం ఏదిరా?" అని అడిగింది. మన దేశానికి అక్కడ మంటపం లేదు.

తెలుసుకోవలసినవి

బండి ఉన్నవాళ్ళను క్యూ దాటించి ముందు పంపుతారనే మాట నిజం కాదు. చాలా క్యూలు బండి పట్టేటంత వెడల్పుగా ఉంటాయి. అందరితోపాటు నిలబడాల్సిందే. కొన్ని ఆటల్లో బండి దిగి మామూలు చక్రాల కుర్చీలోకి మారాలి. మరికొన్నింట్లో అదీ వదిలి సీట్లోకి ఎక్కాలి. అక్కడి సిబ్బంది మనిషిని ఎత్తి కూర్చోబెట్టరు. ఇంట్లోవాళ్ళే సాయపడాలి.

జనంలో తాబేలు వేగమే మేలు. పిల్లలు హఠాత్తుగా అడ్డం వస్తారు. వెనక్కు తోలేటప్పుడు మనవాళ్ళను ఒకరిని చూడమనాలి. పెద్దమ్మ ఒకసారి చూసుకోకుండా వెనక్కు తోలి సొంత కోడలి పాదం మీదికే పోనిచ్చింది. మాజిక్ కింగ్‌డమ్ పెద్ద వీధిలో గుర్రపు ట్రాము పట్టాలున్నాయి. వాటిని ఏటవాలుగా కాక నేరుగా దాటాలి. దిగేముందు తాళంచెవి తీసేయాలి. వాన వస్తే ముందు హ్యాండిలు దగ్గరి మీటల మీద కవరు కప్పాలి.

ఊరికే రాలేదు

ఇంతకూ పెద్దమ్మను తిప్పింది బండి ఒక్కటే కాదు. వంగిన బస్సు, మెట్లు లేని బాట, వెడల్పాటి క్యూ కూడా తిప్పాయి. అవి లేకపోతే ఆ బండి హోటల్ గదిలోనే ఉండేది.

అమెరికాలోనూ ఈ వసతులు ఊరికే రాలేదు. 1990 మార్చి 12న వాషింగ్టన్‌లో వికలాంగులు అనేకులు చక్రాల కుర్చీలు కింద వదిలేసి, వారి పార్లమెంటు భవనం మెట్ల మీద చేతులతో పాకుతూ పైకెక్కారు. వారిలో ఎనిమిదేళ్ళ పిల్ల కూడా ఉంది. అదే సంవత్సరం జూలై 26న వికలాంగుల హక్కుల చట్టంపై అధ్యక్షుడు జార్జి బుష్ సంతకం చేశారు. అడగందే అమ్మయినా పెట్టదని మనవాళ్ళు ఊరికే అన్నారా!

మన దేశంలోనూ 2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది. జనం వచ్చిపోయే భవనాలన్నీ వికలాంగులకు అనువుగా ఉండాలని, పాతవాటిని అయిదేళ్ళలో సరిచేయాలని అందులో ఉంది. నిబంధనలు 2017 జూన్‌లో వెలువడ్డాయి. గడువు లెక్క పాఠకులే వేసుకోవచ్చు.

దీనికి డిస్నీ వారంత డబ్బు అవసరం లేదు. ర్యాంపుకు లెక్క సులువే. ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడుగు ఉండాలి. అంతకన్నా నిటారుగా కడితే చక్రాల కుర్చీ ఎక్కడం కష్టం, దిగడం ప్రమాదం. ఆరేసి అంగుళాల మెట్లు మూడుంటే అడుగున్నర ఎత్తు. అంటే పద్దెనిమిది అడుగుల ర్యాంపు చాలు.

పోయిన వారం పెద్దమ్మ ఒక కాగితం మీద సంతకం కోసం మా ఊరి పంచాయతీ ఆఫీసుకు వచ్చింది. సరిగ్గా మూడు మెట్లు. గోడ పట్టుకుని కిందనే నిలబడిపోయింది. "పదకొండు దేశాలు చుట్టొచ్చాను. ఈ మూడు మెట్లు ఎక్కలేకపోతున్నాను నాయనా!" అంది.

ఆ మెట్ల పక్కన ఖాళీ జాగా ఉంది. టేపు పెట్టి కొలిచాము. ఇరవై రెండు అడుగులు.